కోహెడ నీళ్లు, చేపల తొట్టి

2024 మే 11

మోటరు వేసిన వెంటనే పట్టిన బోరు నీళ్లకు పీహెచ్ 7.1. అదే గ్లాసు రాత్రంతా కిటికీలో ఉంచి పొద్దున కొలిస్తే 8.3. గ్లాసు లోపలి గోడకు సన్నసన్న బుడగలు పట్టుకొని ఉన్నాయి. భూమిలో ఉన్నప్పుడు నీళ్లలో కరిగిన కార్బన్ డయాక్సైడ్ పైకి రాగానే గాలిలోకి పోతుంది. అది ఉన్నంతసేపూ నీళ్లు ఆమ్లం వైపు మొగ్గి ఉంటాయి, పోయాక అసలు గుణం బయటపడుతుంది. బోరు దగ్గర చూసిన అంకెను నమ్మి చేపలు కొనుక్కోకూడదు. ఒక రోజు గాలి తగలనిచ్చి అప్పుడు కొలవాలి.

కూకట్‌పల్లిలో ఉండే తమ్ముడికి బెంగళూరు బదిలీ అయింది. వాడి టెట్రాలు, ఏంజెల్స్ జూన్‌లో ఇక్కడికి, కోహెడకు వస్తాయట. నా మూడడుగుల తొట్టిలో రాళ్లూ ఇసుకా పోను నూరు లీటర్ల నీళ్లు పడతాయి. ఇప్పుడు అందులో మోలీలు హాయిగా ఉన్నాయి. మోలీలకు ఈ బోరు నీళ్లంటే ఇష్టం. వచ్చేవాళ్ల సంగతి వేరు.

మే 12

కేహెచ్ (క్షారత) పరీక్ష. గాజు గొట్టంలో అయిదు మిల్లీలీటర్ల నీళ్లు పోసి మందు చుక్కలు వేస్తూ పోవాలి. మొదటి చుక్కకే నీళ్లు నీలం తిరుగుతాయి. ఆ నీలం ఏ చుక్కకు పసుపుగా మారితే అన్ని డిగ్రీలు. పది దాటింది, నీలమే. పదిహేను దాటింది, నీలమే. పదహారో చుక్కకు అడుగున ఆకుపచ్చ పొర ఒకటి కదిలి, ఊపగానే మాయమైంది. పదిహేడుకు పసుపు. అంటే లీటరుకు 300 మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేట్‌కు సమానమైన క్షారత. కాలేజీ ల్యాబ్‌లో పిల్లలచేత బ్యూరెట్ పట్టించి చేయించే టైట్రేషన్ ఇదే. ఇక్కడ బ్యూరెట్ బదులు చుక్కల సీసా ఉంది, అంతే.

తమ్ముడు ఫోన్లో వాడి తొట్టి అంకె చెప్పాడు. కేహెచ్ 8. మా నీళ్లు దానికి రెట్టింపు పైన.

అత్తమ్మ గొట్టం వైపు చూసి, "గీ మందెందుకు బిడ్డా, ఈ నీళ్లల్ల కందిపప్పు ఎన్నడన్న ఉడికిందా?" అంది. నిజమే. పప్పు గింజ గోడల్లో ఉండే పెక్టిన్‌ను కాల్షియం గట్టిగా పట్టేస్తుంది, ఎన్ని విజిల్స్ వచ్చినా గింజ గింజలాగే ఉంటుంది. అందుకే ఈ ఇంట్లో పప్పుకు నల్లా నీళ్లు, గిన్నెలకు బోరు నీళ్లు. కాఠిన్యం కొలవడానికి కిట్లు రాకముందు ఈ ఊరి ఆడవాళ్లకు పప్పు కుండే కొలత.

మే 14

అక్వేరియం షాపులో పీహెచ్ తగ్గించే సీసా చూపించాడు. "రెండు మూతలు వెయ్యండి మేడం, ఏడుకు దిగుతది."

దిగుతుంది, ఒక పూట. ఆమ్లం పడగానే నీళ్లలోని బైకార్బొనేట్ దాన్ని పట్టుకొని కార్బన్ డయాక్సైడ్‌గా, నీళ్లుగా మారుతుంది. ఆ వాయువు కరిగి ఉన్నంతసేపు పీహెచ్ తక్కువ చూపిస్తుంది. పంపు బుడగలు దాన్ని తరిమేస్తే తెల్లారేసరికి అంకె మళ్లీ ఎనిమిది దాటుతుంది. మళ్లీ రెండు మూతలు, మళ్లీ ఎక్కడం. మందు వేసేవాడికి సరిదిద్దుతున్నానన్న తృప్తి, చేపకు మాత్రం రోజూ ఒక ఎక్కుడు, ఒక దిగుడు. పీహెచ్ స్కేలు మీద ఒక్క అంకె తేడా అంటే హైడ్రోజన్ అయాన్లు పది రెట్లు మారడం. 1909లో కోపెన్‌హాగెన్ కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో సోరెన్‌సెన్ ఈ కొలత పెట్టినప్పుడు బోలెడు సున్నాలు రాసే పని తప్పింది గానీ, 7కూ 8కీ మధ్య ఉన్న దూరం చూసేవాళ్లకు చిన్నదిగా కనిపించే ఇబ్బంది కూడా అక్కడే మొదలైంది.

చేపకు అసలు కావలసింది నిలకడ. పీహెచ్ 8 దగ్గర నిలకడగా ఉన్న నీళ్లలో చాలా చేపలు బతికేస్తాయి. రోజుకోసారి 7కూ 8కీ మధ్య ఊగే నీళ్లలో గట్టి చేప కూడా రెక్కలు ముడుచుకుంటుంది.

సీసా కొనలేదు.

మే 15

పక్కింటి అబ్బాయి డిగ్రీ రెండో సంవత్సరం, వాడికీ ఒక తొట్టి ఉంది. "నిమ్మకాయ పిండితే కాదా అక్కా?" అన్నాడు. నిమ్మరసంలోని సిట్రిక్ ఆమ్లం కూడా పీహెచ్‌ను దించుతుంది. కానీ మిగిలిన సిట్రేట్ సూక్ష్మజీవులకు తిండి. అవి తిని పెరిగి నీళ్లు తెల్లగా మసకబారతాయి, ప్రాణవాయువు తగ్గుతుంది, సిట్రేట్ తరిగిపోయేసరికి బైకార్బొనేట్ తిరిగి వచ్చేస్తుంది. చివరికి కేహెచ్ ఎక్కడిదక్కడే.

బైకార్బొనేట్ తగ్గాలంటే అది లేని నీళ్లు కలపాలి. ఇంతకంటే దగ్గరి దారి నాకు కనిపించలేదు.

మే 16

మెత్తని నీళ్లు ఎక్కడివి?

నల్లా నీళ్లు వాడొచ్చు. క్లోరిన్ ఉంటుంది కాబట్టి ఒక రోజు బకెట్లో నిలవ ఉంచితేనో, హైపో వేస్తేనో సరి. ఫొటో స్టూడియోల్లో ఫిల్ములు కడిగిన హైపోయే, సోడియం థయోసల్ఫేట్. షాపుల్లో యాంటీ క్లోరిన్ పేరుతో అమ్మే సీసాల్లోనూ సాధారణంగా ఉండేది అదే. కానీ నల్లా నీళ్లు నాగార్జునసాగర్ నుంచి ఎత్తిపోసి, శుద్ధి చేసి పంపిన తాగునీళ్లు. వేసవిలో వీధిలో బిందెలు వరుస కడుతుంటే వాటిని తొట్టిలో పోయడానికి నాకు మనసొప్పదు.

ఊళ్లోని ఆర్వో ప్లాంటు నీళ్లకు కేహెచ్ 1, టీడీఎస్ 40. రసాయనం లెక్కన ఇవే మంచివి. ఇక్కడా ఒక బాధ ఉంది. ఆ క్యాను నిండడానికి మరికొన్ని లీటర్ల బోరు నీళ్లు ఉప్పు పట్టి మోరీలోకి పోతాయి. పొరను దాటలేని ఉప్పంతా వాటితోనే వెళ్లాలి మరి. నేలలోంచి అంత లోతున తోడి సగం వదిలేయడం.

మిగిలింది వాన. అది వచ్చేదాకా ఆర్వో క్యాను, వచ్చాక డాబా మీది నీళ్లు. ఇలా అనుకొని పాత నీలం డ్రమ్ములు రెండు కడిగి పెట్టాను.

మే 17

లెక్క: బోరు నీళ్లు ఒక వంతు, ఆర్వో మూడు వంతులు. పదిహేడూ, మూడు ఒకట్లూ కలిపి నాలుగుతో భాగిస్తే 5. వారానికి ఇరవై లీటర్లు తీసి, ఈ మిశ్రమం ఇరవై లీటర్లు పోస్తే తొట్టి 17 నుంచి 14.6కు, ఆ పై వారం 12.7కు, తర్వాత 11కు దిగాలి. తమ్ముడి తొట్టి అంకె 8 చేరేసరికి జూన్ సగం గడుస్తుంది. అన్నీ ఒక్కరోజే మార్చేస్తే గంట పని. మోలీల ఒంట్లోని ఉప్పు బయటి నీళ్ల ఉప్పుతో ఒక తూకంలో ఉంటుంది, ఆ తూకం మార్చుకోవడానికి వాటికి రోజులు పడుతుంది. తొందర ఎవరిదో చేపకు తెలియదు కదా.

మే 20

ఎండ. తొట్టి నీళ్లు రోజూ కొంచెం కొంచెం దిగుతున్నాయి. అద్దం మీద పాత నీటిమట్టం దగ్గర తెల్లటి గీత. గుడ్డ వెనిగర్‌లో తడిపి తుడిస్తే సన్నగా చిటపటలాడి పోయింది, సున్నమే. ఆవిరయ్యేవి నీళ్లు మాత్రమే, ఉప్పులన్నీ లోపలే ఉండిపోతాయి. తగ్గిన మేరకు బోరు నీళ్లు పోస్తూ ఉంటే నెల తిరిగేసరికి తొట్టి బోరు కంటే కఠినమవుతుంది. పై నింపుడుకు ఉప్పు లేని నీళ్లే పోయాలి. చెరువులకు జరిగేదీ ఇదే, అక్కడ వాన వచ్చి తూకం సరిచేస్తుంది.

మే 21

తొట్టిలో రాళ్లకు కూడా పరీక్ష. ఊరి వెనక గుట్ట నుంచి తెచ్చిన బూడిదరంగు రాళ్ల మీద నిమ్మరసం వేస్తే చలనం లేదు. గ్రానైటుకు సున్నం ఉండదు, నీళ్లను మార్చదు. తమ్ముడు తన తొట్టిలో వేసుకున్న గవ్వ మీద అదే చుక్క పడితే బుసబుసా నురగ. చేపలతో పాటు గవ్వలు పంపొద్దని చెప్పాను.

మరి గ్రానైటు నేలలో నీళ్లకు ఇంత కాఠిన్యం ఎక్కడిది? వాన నీరు మట్టిలోకి దిగేటప్పుడు వేర్లు, సూక్ష్మజీవులు వదిలే కార్బన్ డయాక్సైడ్‌ను కరిగించుకొని పలచని ఆమ్లమవుతుంది. అది రాతిలోని ఫెల్డ్‌స్పార్‌ను నమిలి కాల్షియం, సోడియం లాక్కొని, బదులుగా బైకార్బొనేట్‌ను నీళ్లలో మిగిలిస్తుంది. రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచి, మన ఎండలకు పై నీరు ఆవిరై, మిగిలింది చిక్కబడి, చివరికి నా గొట్టంలో పదిహేడు చుక్కలు.

మే 26

రోహిణి కార్తె. రోళ్లు పగులుతాయంటారు. తొట్టి 32 డిగ్రీలు. 25 దగ్గర లీటరు నీళ్లు 8 మిల్లీగ్రాములకు కొంచెం పైగా ప్రాణవాయువు పట్టుకోగలవు, 32 దగ్గర 7.3కు మించి పట్టవు. చేపకేమో వేడిలో ఎక్కువ కావాలి. మధ్యాహ్నం కరెంటు పోయింది, బ్యాటరీ పంపు పెట్టాను. తిండి సగానికి తగ్గించాను.

కేహెచ్ 12.5. లెక్క తప్పలేదు.

జూన్ 4

గాలివాన. మొదట దుమ్ము లేచింది, తర్వాత చినుకులు, ఆపైన ధార. 2020 మేలో ఇలాంటి గాలివానకే ఇక్కడి పండ్ల మార్కెట్‌లో మామిడి సీజన్ కోసం వేసిన షెడ్లు కూలాయి. అప్పట్నుంచి మబ్బు పడితే ఊళ్లో అందరి చూపూ రేకుల మీదికే పోతుంది.

మొదటి పావుగంట డాబా నీళ్లు వదిలేశాను. దుమ్ము, పావురాల రెట్ట, ఎండిన ఆకులు అన్నీ కొట్టుకుపోయాక గొట్టం డ్రమ్ములోకి తిప్పాను. విడిగా ఒక స్టీలు గిన్నె కూడా నేరుగా ఆకాశం కింద పెట్టాను. గిన్నెలో టీడీఎస్ 12. డ్రమ్ములో 45, కేహెచ్ 1. ఆ తేడా డాబా సిమెంటుది. వాన నీరు గాలిలోని కార్బన్ డయాక్సైడ్ వల్ల పుట్టుకతోనే కొంచెం ఆమ్లం, 5.6 దగ్గర ఉంటుంది. సిమెంటు మీద పారుతూ కాస్త సున్నం తెచ్చుకుంటుంది. నాకది మంచిదే.

డ్రమ్ము మూతికి పాత చీర ముక్క కట్టాను, దోమలకు.

జూన్ 8

మృగశిర. నిన్నటి నుంచి ఇంట్లో చేపల మాటే. నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో బత్తిని కుటుంబం చేప ప్రసాదం ఇస్తోందని టీవీలో చూపించారు. ప్రసాదంతో నోట్లో వేసే ఆ చిన్న పిల్ల కొర్రమీను, మన తెలంగాణ రాష్ట్ర చేప. నీళ్లలో ప్రాణవాయువు లేకున్నా పైకొచ్చి గాలి మింగి బతకగలదు, ఎండే చెరువు బురదలోనూ కొన్నాళ్లు ఉంటుంది. నీటి గుణాన్ని ఇంతగా ఓర్చుకునే చేప మన నేల మీదే పుట్టడంలో ఆశ్చర్యం లేదు. అత్తమ్మ పులుసు పెట్టింది, కొర్రమీను దొరకలేదు, రవ్వతోనే. తింటూ, "తొట్టిల ఉన్నయి మంచిగున్నయా?" అని అడిగింది. రోజూ అడుగుతుంది.

జూన్ 15

తొట్టి కేహెచ్ 8కి కొంచెం పైన, పీహెచ్ 7.9. తమ్ముడి తొట్టితో కలిసింది. మోలీలను వారం కిందటే చిన్న తొట్టికి మార్చాను, అక్కడ ఇప్పుడు ఉత్త బోరు నీళ్లే. వాటిని మళ్లీ పైకి తీసుకురావడానికి కూడా వారం పట్టింది. చిన్న తొట్టి నీళ్లు ముందు పెద్ద తొట్టితో సమానం చేసి, రోజుకో చెంబు బోరు నీళ్లు కలుపుతూ వచ్చాను. వడపోత స్పాంజిలో సగం వాటితోనే పంపాను. అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రేట్‌గా మార్చే సూక్ష్మజీవులు ఉండేది ఆ స్పాంజిలోనే. అవి లేకుండా ఏ లెక్కా నిలవదు.

జూన్ 16

వచ్చాయి. కూకట్‌పల్లి నుంచి ఔటర్ మీదుగా, మూత ఉన్న బకెట్లలో, బ్యాటరీ పంపుతో. ముందు రోజు తిండి పెట్టవద్దని చెప్పాను, పెట్టలేదట.

మూసిన సంచిలో దూరం తెస్తే ఒక చిక్కుంది. చేప వదిలే కార్బన్ డయాక్సైడ్ వల్ల సంచి నీళ్ల పీహెచ్ పడిపోతుంది. అక్కడ పోగయ్యే అమ్మోనియా చాలావరకు అమ్మోనియం రూపంలో ఉంటుంది, అది అంతగా హాని చేయదు. సంచి విప్పి గాలి తగలగానే, క్షారపు నీళ్లు కలపగానే పీహెచ్ ఎగబాకి అమ్మోనియం విషపు అమ్మోనియాగా మారుతుంది. 25 డిగ్రీల వేడిలో పీహెచ్ 7 దగ్గర మొత్తంలో అర శాతం చిల్లర విషం. 8 దగ్గర అయిదు శాతం దాటుతుంది. 9 దగ్గర మూడో వంతు పైనే. అందుకే దూరం నుంచి వచ్చిన సంచి నీళ్లను గంటల తరబడి మెల్లగా కలపడం కంటే, నీళ్లు రెండు చోట్లా ముందే సమానం చేసి, చేపను వలతో ఎత్తి వదలడం మేలు. ఈ నెల రోజుల పనంతా దీని కోసమే.

ఏంజెల్స్ మూల పట్టుకొని నిలబడ్డాయి. టెట్రాలు ఒక్క గుంపుగా అడుగునే. దీపం వేయలేదు.

జూన్ 17

సాయంత్రానికి టెట్రాలు నడిమికి వచ్చాయి. నీలం గీత మళ్లీ వెలిగింది.

జూన్ 29

పక్కింటి అబ్బాయి పొద్దున్నే వచ్చాడు. రాత్రి తొట్టి కడిగి సగానికి పైగా కొత్త బోరు నీళ్లు పోస్తే తెల్లారేసరికి చేపలు నీటి పైన నోళ్లు తెరుస్తున్నాయట. వెళ్లి పాత నీళ్లు మిగిలిన బకెట్ కొలిచాను. కేహెచ్ దాదాపు సున్నా, పీహెచ్ 6 లోపు. వాడు ఆర్నెల్లుగా ఆర్వో నీళ్లు మాత్రమే పోస్తూ వచ్చాడు, మెత్తని నీళ్లు మంచివని ఎవరో చెప్పారు.

ఉత్త ఆర్వో నీళ్లలో పీహెచ్‌ను నిలబెట్టే ఆధారం ఉండదు. సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రేట్ చేసే పనిలో బైకార్బొనేట్‌ను తినేస్తాయి. అమ్మోనియా రూపంలో ఉన్న ఒక గ్రాము నైట్రోజన్‌కు ఏడు గ్రాములకు పైగా కాల్షియం కార్బొనేట్‌కు సమానమైన క్షారత ఖర్చవుతుంది. అది అయిపోయాక పీహెచ్ జారుతుంది, జారిన నీళ్లలో ఆ సూక్ష్మజీవులే మందగిస్తాయి, అమ్మోనియం పోగవుతుంది. ఆమ్లపు నీళ్లలో ఉన్నన్నాళ్లు చేపలకు ఏమీ కాలేదు. నిన్న రాత్రి పీహెచ్ 8 నీళ్లు ఒక్కసారిగా పడ్డాయి.

మా డ్రమ్ములోంచి వాన నీళ్లు తెచ్చి మెల్లగా పలచన చేశాం, పంపు పెంచాం. మధ్యాహ్నానికి కొన్ని కోలుకున్నాయి, కొన్ని పోయాయి. వాడు పోయిన వాటిని గన్నేరు మొదట్లో పాతాడు. నేనేమీ అనలేదు. ఇకపై ఆర్వో పోస్తే వంటసోడా కలపమని కాగితం మీద రాసిచ్చాను. నూరు లీటర్లకు మూడు గ్రాములు వేస్తే కేహెచ్ ఒక డిగ్రీ పెరుగుతుంది, రోజుకు ఒక డిగ్రీ మించొద్దు. లేదంటే నాలుగో వంతు బోరు నీళ్లు కలుపుకుంటే సోడాతోనే పని లేదు.

జులై 20

కాలేజీలో క్షారత పాఠం. ఈసారి ఇంటి బోరు నీళ్లు తెమ్మన్నాను. పిల్లలు సీసాల మీద ఊళ్ల పేర్లు రాసి తెచ్చారు. మర్రిగూడ వైపు నుంచి వచ్చే అమ్మాయి సీసాలో క్షారత చాలా ఎక్కువ, కాల్షియం మాత్రం తక్కువ. ఈ రెండూ కలిసిన నీళ్లలోనే గ్రానైటులోని ఫ్లోరైడ్ ఎక్కువగా కరుగుతుంది. కాల్షియం నిండుగా ఉంటే ఫ్లోరైడ్‌ను పట్టి కిందికి దించేస్తుంది, లేకపోతే అది నీళ్లలోనే ఉండిపోతుంది. మర్రిగూడ, మునుగోడు, చౌటుప్పల్ పేర్లు చెబితే ఫ్లోరైడ్‌తో వంగిన కాళ్లు, మచ్చల పళ్లు గుర్తొస్తాయి. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నల్గొండ పేరే పెట్టింది నాగపూర్‌లోని నీరీ సంస్థ. అక్వేరియం కిట్‌లో ఫ్లోరైడ్ సీసా ఉండదు. కేహెచ్ 17 చూసి తొట్టి గురించి ఆలోచించగలిగే ఇల్లు అదృష్టం చేసుకున్న ఇల్లు, అవే చుక్కలు ఇంకో ఊళ్లో ఎముకల సంగతి చెబుతాయి. ఆ అమ్మాయికి తాగేవి బోరువి కావు కదా అని అడిగాను. ఇప్పుడు నల్లా నీళ్లేనట.

ఆగస్టు 11

స్కూలు గోడ పక్క బాదం చెట్టు కింద రాలిన ఎర్రటి ఆకులు ఏరుకొచ్చాను. కడిగి ఎండబెట్టినవి రెండు తొట్టిలో వేస్తే రెండు రోజులకు నీళ్లు పలచటి టీ రంగు. పీహెచ్ కదల్లేదు, కేహెచ్ 8 ఉండగా ఆకులోని టానిన్లు దాన్ని కదపలేవు. అయినా ఏంజెల్స్ బెదురు తగ్గింది. వెలుతురు మెత్తబడినందుకేమో.

తమ్ముడు ఫోన్లో, "అక్కా, అమెజాన్‌లో పీహెచ్ 5 ఉంటదట, ఇంకా దించవా?" అన్నాడు. దించను. అక్కడి నల్ల నీళ్లలో పుట్టిన టెట్రాలు కావివి. తరాలుగా ఫారం తొట్లలో పెరిగినవి. మద్రాసు కొళత్తూరు నుంచో కలకత్తా నుంచో షాపుకొచ్చి ఉంటాయి. గుడ్లు పొదిగించాలంటే మెత్తని నీళ్లు కావాలి, కఠినపు నీళ్లలో టెట్రా గుడ్లు సరిగా ఎదగవు. బతకడానికి కేహెచ్ 8 చాలు. ఇక నుంచి సగం బోరు, సగం వాన. సగటు తొమ్మిది, సూక్ష్మజీవులు తినేది తింటే ఎనిమిది. ఊరి నీళ్లకు ఎంత దగ్గరగా ఉంటే ఒక వారం నేను లేకపోయినా తొట్టి అంత తట్టుకుంటుంది.

సెప్టెంబర్ 18

నిన్న నిమజ్జనం. విగ్రహాలకు వాడే ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ అంటే కాల్షియం సల్ఫేట్. నీళ్లలో మెల్లగా కరుగుతూ మొత్తం కాఠిన్యాన్ని, అంటే జీహెచ్‌ను పెంచుతుంది, కేహెచ్‌ను తాకదు, రంగుల్లోని లోహాలు అదనం. ఈసారి మా వీధి మంటపంలో మట్టి గణపతిని పెట్టారు. పిల్లలు పట్టుబట్టి సాధించుకున్నారు. బంకమన్ను చెరువుకు పరాయిది కాదు.

సెప్టెంబర్ 29

రెండు డ్రమ్ములూ నిండుగా ఉన్నాయి. నాలుగు వందల లీటర్లు. వారానికి పది చొప్పున నలభై వారాలు, అంటే వచ్చే మృగశిర దాటి. కానీ ఈ లెక్కలో మే నెల లేదు. అప్పుడు ఆవిరికే రోజూ రెండు లీటర్లు పోయాలి, ఏప్రిల్ నుంచే మొదలవుతుంది. ఇంకో డ్రమ్ము కావాలి. వచ్చే ఆదివారం పెద్ద అంబర్‌పేట పోతే చూడాలి, వాన ఇంకో రెండుసార్లు పడేలా ఉంది.